జవాబు రావలసి ఉన్నది

నెల్లూరు కలెక్టరాఫీసు రికార్డు రూములో
చెదలు ముందు చదివి, మిగిలింది నాకిచ్చిన కట్ట ఇది.
కాల్చేయాల్సిన వాటిలో పద్నాలుగో నంబరు.
అట్ట మీద ఎర్రసిరా:
‘అభ్రకం, ఆడకూలీలు, పార్లమెంటు ప్రశ్న, 1909.’

అడిగినాయన ఎనోక్ హోల్‌రాయిడ్.
మన గుమాస్తాల చేతిలో పడి
రెండో పుటకే హోల్రాయుడు,
గూడూరు తాలూకా చేరేసరికి ఓలు రాయుడు.

లండను చీటీలో ఆయన బతుకు నాలుగు ముక్కలు:
నేతగాడి కొడుకు.
పదో ఏట మిల్లు బెల్టుకి రెండు వేళ్లు ఇచ్చుకున్నాడు.
ఆదివారాలు చర్చిలో ప్రసంగిస్తాడు.
మూడేళ్లుగా సభ్యుడు, వెనక బెంచీ.
‘ప్రమాదకరుడు కాడు. పట్టు వదలడు’
అని కింద ఎవరిదో పొడిసంతకం.

ప్రశ్న పొడుగేం కాదు:
నెల్లూరు జిల్లాలో కాకిబంగారం చీల్చే ఆడవాళ్లకి
రోజుకి ఎంత ఇస్తున్నారు? అది చాలుతోందా?

మంత్రిగారు లేచి
సమాచారం తెప్పిస్తామని కూర్చున్నారు.

కాగితం ఓడెక్కింది.
మద్రాసులో దిగి మూడు బల్లల మీద నిద్రపోయింది.
నాయుడుపేట దగ్గర స్వర్ణముఖి పొంగి
రైలాగితే అదీ ఆగింది.
కలెక్టరు తాసిల్దారుకి, తాసిల్దారు ఇన్‌స్పెక్టరుకి,
ఇన్‌స్పెక్టరు సైదాపురం మునసబుకి,
మునసబు గని మేనేజరుకి.
ఎవరి మీద అడిగారో చివరికి వాళ్ల చేతికే.

మేనేజరు గుండ్రటి అక్షరాలు:
‘కూలీలు తృప్తిగా ఉన్నారు.’
సాక్షి తుపాకుల చెంగమ్మ, వయసు సుమారు ముప్ఫై,
ఎడమ బొటనవేలు.

ఆ వేలిముద్ర కిందే పెన్సిలుతో, చాలా చిన్నగా,
ఏ కుర్ర గుమాస్తా రాశాడో:
‘యాడుంటాడు సామీ ఆ రాయుడు?
ఒకటింపావు అణా అని చెప్పండి.
నూకలు ఒక పూటకొస్తే రెండో పూటకి రావు.
దగ్గితే తళుకు పడతంది.
ఆయనకి రెండు వేళ్లు లేవంటనే,
పాపం, అన్నం ఎట్టా కలుపుకుంటాడో.’

పెన్సిలు మాట సాపు ప్రతిలోకి ఎక్కలేదు.
సాపు ప్రతి లండను చేరింది ఫిబ్రవరిలో.
జనవరిలోనే ఆయన ఓడిపోయాడు,
అరవైమూడు ఓట్లతో.

ఆ తర్వాత పుటలో ఒక ఉత్తరం, 1911.
టైపు కాదు, చేతిరాత.
అక్షరాలన్నీ ఎదురుగాలికి నడిచినట్టు వాలి ఉన్నాయి.
‘నేనిప్పుడు సభ్యుణ్ణి కాను. అయినా తెలుసుకోవాలని ఉంది.
నా అద్దెగదిలో పొయ్యికి చిన్న కిటికీ ఉంది.
గాజు కాదు, సెగకి పగలదు, లోపలి నిప్పు కనిపిస్తుంది.
ఎక్కడిదని అడిగితే దుకాణంవాడు మీ జిల్లా పేరు చెప్పాడు.
చలికాలమంతా దాని ముందు కూర్చుంటాను.
ఎవరు చీల్చారో తెలియకుండా కూర్చోవడం బాగాలేదు.’

అంచున పచ్చసిరా:
‘సభ్యుడు కాడు. జవాబు అనవసరం. మూసివేయండి.’

అంతే. మళ్లీ నిలబడ్డాడో, మంచం పట్టాడో,
ఆ పొయ్యి ఏమయిందో ఈ కట్టకి తెలీదు.

చివర నమూనాకని గుచ్చిన అభ్రకం రేకు,
రెండు వేళ్ల వెడల్పు.
గుండుసూది తుప్పుపట్టి చుట్టూ కాగితాన్ని తినేసింది,
రేకుకి ఏమీ కాలేదు.
ట్యూబులైటుకి ఎత్తి పట్టాను.
గోరు ఆనించగానే పొర విడింది,
దాని కింద ఇంకో పొర.
చెంగమ్మ ఆపిన చోటు.

జాబితాలో ‘ఉంచుటకు కారణం’ అనే గడి
నా సర్వీసులో ఎప్పుడూ నింపలేదు.
ఇవాళ నింపాను: ‘జవాబు రావలసి ఉన్నది.’

సూపర్నెంటు కళ్లజోడు పైకి తోసి
‘ఎవరికయ్యా?’ అన్నాడు.
ఇంతలో టీ వచ్చింది.
పద్నాలుగు కొట్టేసి పదిహేను తీశాను:
ఉప్పు కొటారు, ముత్తుకూరు, దొంగతనం,
ఒక బస్తా.